తమ్మె మీద గీత

ఉమ్మితో షుగరు తెలుస్తుందని విజయరత్నానికి అంతకుముందు తెలియదు. వేసవి చివర అల్లుడు ఆరన్ మూత ఉన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చి, "ఇక్కడి దాకా ఉమ్మండి మావయ్యా" అన్నప్పుడు నవ్వు కూడా వచ్చింది.

"వేలు పొడవరా?"

"ఇప్పుడన్నీ ఇంతే మావయ్యా. నొప్పి లేకుండా."

ఆరన్ మందుల షాపులో పనిచేస్తాడు. అతనికి తెలియనిది తనకేం తెలుస్తుందని నోరెండిపోయేదాకా ఉమ్మి ఇచ్చాడు. భార్య జ్ఞానవతి చేత కూడా ఉమ్మించారు. ఈ వయసులో ఇద్దరికీ మంచిదే అన్నారు.

దాని తాలూకు ఫోను గురువారం సాయంత్రం వచ్చింది. అప్పుడే పుట్టగొడుగుల ఫారం నుంచి వచ్చి సింకు దగ్గర గోళ్ళు తోముకుంటున్నాడు. అక్కడి మట్టి మొండిది. గ్లవ్స్ వేసుకున్నా గోటి కింద నల్లగా ఉండిపోతుంది. ఆరన్ స్పీకర్ పెట్టి ఫోన్ను గట్టు మీద ఉంచాడు. ఆడమనిషి గొంతు, మెత్తగా, గబగబా కాకుండానే మాట్లాడుతోంది. అయినా ఫోన్లో ఇంగ్లీషు విజయరత్నానికి ఎప్పుడూ గాలిలాగే ఉంటుంది. ఎదురుగా పెదాలు కనిపిస్తే సగం పట్టుకోగలడు.

"మీరేనా అని అడుగుతోంది. యెస్ అనండి."

"యెస్."

"ఇప్పుడు చెప్పొచ్చా అంటోంది."

"యెస్, యెస్."

ఆమె చాలాసేపు చెప్పింది. మధ్యలో 'గ్రాండ్‌సన్' అన్నమాట వినపడి తల ఎత్తాడు.

"మీకు మనవడున్నాడని చెప్పా కదా, కంగ్రాట్స్ అంటోంది" అన్నాడు ఆరన్. అతని చూపు ఫోను మీదే ఉంది. "షుగర్ పర్లేదట. అన్నం తగ్గించమంటోంది. థ్యాంక్యూ అనండి మావయ్యా."

"థ్యాంక్యూ మేడమ్. వెరీ మచ్."

అవతల ఒక క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత ఆమె ఇంకా మెత్తగా ఏదో అంది. పొయ్యి దగ్గర జ్ఞానవతి అటు తిరిగి నిలబడి ఉంది. గరిటె చేతిలో ఉంది గానీ తిప్పడం లేదు. ఆరన్ ఫోను కట్టేశాక తిప్పడం మొదలుపెట్టింది.

"తగ్గించమన్నారుగా, ఈ రాత్రికి చపాతీ చేస్తావా ఏంటి కొంపదీసి?" అన్నాడు విజయరత్నం.

"అన్నమే వండాను" అంది ఆమె.

చేతులు తుడుచుకుని మనవణ్ణి ఎత్తుకున్నాడు. వాడి పేరు ఈథన్. ఆ పేరు విజయరత్నం నోట సరిగా పలకదు, అందుకని బైబిల్లోని బలశాలి పేరు పెట్టి సమ్సోను అంటాడు. ఆరు నెలలవాడు ఏడాది పిల్లాడి చొక్కా తొడుక్కుంటాడు. నాలుక ఎప్పుడూ కొంచెం బయటికే ఉంటుంది. రెండు చెవి తమ్మెల మీదా అడ్డంగా ఒక సన్నని గీత. కత్తి మొనతో గీసినట్టుంటుంది. అచ్చం అలాంటిదే విజయరత్నం తమ్మెల మీదా ఉంది. ఈ సంగతి తాము వెళ్ళే తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో తెలియనివాళ్ళు లేరు. పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తన చెవి పక్కన వాడి చెవి పెట్టి చూపించాడు. ఆసుపత్రిలో డాక్టరుక్కూడా "సేమ్, సేమ్" అని చూపించాడు. నాలుక సంగతి ఎవరైనా ఎత్తితే, "నాకూ ఇంతే ఉండేది. బళ్ళో నాలుకోడా అనేవారు. ఆ గోల పడలేకే ఆరో క్లాసులో మానేశా. పెద్దయ్యాక సర్దుకోలేదూ?" అనేవాడు. ఈ దేశంలో విజయరత్నానికి తనదని చూపించుకోవడానికి అంతకుముందు ఏమీ లేదు. ముందు వచ్చింది జ్ఞానవతి, ముసలివాళ్ళ హోములో పనికి. ఇల్లు ఆమె పేరు మీద, కారు అల్లుడి పేరు మీద. ఆ గీత ఒక్కటే తన పేరు మీద ఉంది.

సమ్సోను అలవాటుగా తాత తమ్మెను పిడికిట్లో పట్టుకుని కళ్ళు మూశాడు.

మర్నాడు రాత్రి భోజనాలకు ముందు అతన్ని కూర్చోబెట్టి చెప్పారు. కూర్చోబెట్టారని తర్వాత అనిపించింది. టీవీ కట్టేసి ఉంది, కూతురు ఫెయిత్ కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి, అల్లుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బాబు మామూలు బొద్దు కాదు మావయ్యా. అదొక కండిషన్. టెస్టులో తేలింది."

"కండిషన్ ఏంటి? బలంగా ఉన్నాడు కదా."

"అదే మావయ్యా. ఎంత పెరగాలో అంత పెరిగాక ఆగాలి కదా. కడుపులో ఉన్నప్పట్నుంచీ ప్రతి కణానికీ ఇక చాలు అని చెప్పే ప్రొటీన్లు ఉంటాయి. వాడికి వాటిల్లో ఒకటి సరిగా తయారవడం లేదు. పి ఫిఫ్టీ సెవెన్ అంటారు. అందుకే నాలుక పెద్దది, కాలేయం పెద్దది, ఎడమ కాలు కొంచెం లావు."

"అయితే ఏమవుద్ది?"

ఆరన్ భార్య వైపు చూశాడు. ఫెయిత్ చెప్పింది. "డాడీ, ఆగమన్నా ఆగని కణాలే కదా ట్యూమర్ అయ్యేది. వాడికి మిగతా పిల్లలకంటే ఆ రిస్క్ ఎక్కువ. అందుకని కొన్నేళ్ళపాటు త్రీ మంత్స్‌కోసారి పొట్ట స్కాన్ చేస్తూ ఉంటారు. ట్యూజ్‌డే ఫస్ట్ స్కాన్. వస్తుందని కాదు. వస్తే ఎర్లీగా పట్టుకోడానికి."

విజయరత్నం కిందికి చూశాడు. తివాచీ మీద సమ్సోను బోర్లా పడి ప్లాస్టిక్ ఏనుగును నాకుతున్నాడు.

"ఎక్కణ్ణుంచి వచ్చింది ఇది?"

జ్ఞానవతి బాబు బట్టలు మడత పెడుతోంది. ఒక చొక్కా చేతులు లోపలికి మడిచి, సరిచేసి, మళ్ళీ మడిచింది.

"నా వైపు నుంచి" అంది.

"ఏంటీ?"

"మా అమ్మకి నాకంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి పోయాడు కదా. బాగా పెద్దబిడ్డట. అదే అయ్యుంటుందన్నారు."

"పెళ్ళప్పుడు మీవాళ్ళు చెప్పారా ఈ మాట?"

"అప్పుడెవరికి తెలుసండీ ఇదంతా."

"పిల్లాడు పోయాడని తెలుసు కదా. పెద్దబిడ్డని తెలుసు కదా." అతను ముందున్న ఖాళీ కంచం పక్కకు జరిపాడు. "నా ఇంట్లోకి పంపించేటప్పుడు నోళ్ళు కుట్టేసుకున్నారు. నా మనవడి దాకా తెచ్చి పెట్టారు."

"మావయ్యా, ఇందులో ఎవరి తప్పూ..." అన్నాడు ఆరన్.

"బాబూ, మీరుండండి" అంది జ్ఞానవతి.

ఆ రాత్రి అతను ఆమె వండింది తినలేదు. తర్వాత రోజూ తినలేదు. ఫారం క్యాంటీన్లో బ్రెడ్డు కొనుక్కున్నాడు. పిల్లాణ్ణి మాత్రం మునుపటికంటే ఎక్కువ ఎత్తుకున్నాడు. వాడూ తనూ ఒకే చోట మోసపోయినట్టు అనిపించింది.

ఏజాక్స్ ఊరికి ఉత్తరాన ఉన్న ఆ ఫారంలో ఎండ అంటూ ఉండదు. పొడుగాటి గదులు, గదిలో అంతస్తులుగా అల్యూమినియం మడులు, మడుల నిండా తెల్లటి తలలు. నడుముకి కత్తి కట్టుకుని, మడుల మధ్య పైకీ కిందికీ జరిగే బండి మీద నిలబడి కోయాలి. లాగకూడదు. తలను రెండు వేళ్ళతో పట్టి మెల్లిగా మెలితిప్పితే వదిలేస్తుంది. కాడ చివర మట్టి కోసేసి నీలం డబ్బాలో తల కిందికి పెట్టాలి. మచ్చ పడితే సూపర్‌వైజర్ ఒప్పుకోదు.

శనివారం అతని కింది మడిలో కొమరయ్య ఉన్నాడు. కరీంనగర్ వైపు మనిషి. ఫారంలో తెలుగు వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

"ఏందన్నా, బ్రెడ్డు తింటున్నవ్? వదినె అలిగిందా?"

విజయరత్నం ముందు చెప్పకూడదనుకున్నాడు. బండి ఒకసారి పైకి పోయి కిందికి వచ్చేలోగా అంతా చెప్పేశాడు. ఆగమని చెప్పేది లేదట, అందుకే పెరుగుతున్నాడట, గడ్డలొస్తాయేమో అని భయమట.

కొమరయ్య కోత ఆపి విన్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న గుత్తిని చూపించాడు. "గిది చూడు. నిన్న పొద్దుగాల బొటనవేలంత. ఇయ్యాల పిడికెడు. వదిలేస్తే రేపటికి గొడుగు విచ్చుకుంటది, ఎవ్వడు కొనడు. దీనికి ఆగుడు తెల్వదు. మనం కోస్తేనే ఆగుడు." ఒక తలను మెలితిప్పి డబ్బాలో పెట్టాడు. "అందుకే గద అన్నా స్కాన్లు. కనిపెట్టుకోని ఉంటరు. మంచిగనే అయితది."

"అది సరే కొమరన్నా. దాచారు చూడు, అదీ నా బాధ. పాతికేళ్ళు."

"ఒక మాట అంటే కోపం తెచ్చుకోకు."

"అను."

"ఆ పోరని చెవి నీది అన్నవ్. నాలుక నీది అన్నవ్. ఫోన్ల ఫొటోలు జూపి జూపి చంపినవ్. అన్ని పోలికలు నీవి, రోగం ఒక్కటే ఆమెదా?"

విజయరత్నం చేతిలో కాడ విరిగింది. "నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదన్నా. పుట్టగొడుగులోన్ని" అన్నాడు కొమరయ్య. సాయంత్రం సూపర్‌వైజర్ విజయరత్నం డబ్బాల్లో కొన్నింటిని మచ్చలున్నాయని తిప్పి పంపింది.

ఆదివారం సమ్సోనుకి ప్రతిష్ఠ, బిడ్డను దేవుడికి అప్పగించే ప్రార్థన. వాళ్ళ ఫెలోషిప్‌కి సొంత కట్టడం లేదు. తెల్లవాళ్ళ చర్చి మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటారు. పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసి, తాత చేతికిచ్చి, సాక్ష్యం చెప్పమనడం అక్కడి అలవాటు. తాతలు మైకు పట్టుకుని, కన్నీళ్ళు పెట్టుకుని, దేవుడు వీసా ఇచ్చాడు, మనవణ్ణిచ్చాడు అంటారు. అందరూ ఆమేన్ అంటారు. తర్వాత చికెన్ పలావు.

విజయరత్నం తెల్ల చొక్కా వేసుకున్నాడు. పిల్లాణ్ణి అందుకున్నాడు. వాడి బరువుకు పాస్టరుగారు ఊపిరి పీల్చుకుంటూ, "నిజంగా సమ్సోనేనండీ" అంటే ముందు వరసలోవాళ్ళు నవ్వారు. ముద్దుగా చూస్తున్న ఆ మొహాలన్నీ ఒక్కసారిగా అతనికి మంట పుట్టించాయి. జ్ఞానవతి పక్కన నిలబడబోతే రెండడుగులు ఇవతలికి జరిగి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"దేవుడిచ్చిన దానికి స్తోత్రం. మా బాబుకి ఒక జబ్బు ఉంది. పెరగడం ఆగదు. అది మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. పాతికేళ్ళు నాకు ఎవరూ చెప్పలేదు. దేవుడు దాచలేదు, మనుషులు దాచారు. అందరూ ప్రార్థన చేయండి."

ఫెయిత్ "డాడీ" అంది, గొంతు బయటికి రాకుండా. ఆరన్ నేల చూపులు చూశాడు. పాస్టరుగారు గబగబా కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. అయ్యాక అందరూ ఆమేన్ అన్నారు. వాళ్ళతోపాటు జ్ఞానవతి కూడా ఆమేన్ అంది. అతనికి అది వినపడింది.

కింద హాల్లో ఆమే పలావు వడ్డించింది. అనిత అనే చిన్నావిడ ఆమె చేతిలోంచి గరిటె తీసుకోబోతూ, "మీరు కూర్చోండి ఆంటీ" అంటే, "నాకేమైందమ్మా, కంచం పట్టు" అంది. మగవాళ్ళలో ఒకరిద్దరు విజయరత్నం భుజం తట్టారు. రెండు రోజుల తర్వాత అతను ఆకలిగా తిన్నాడు.

మంగళవారం ఆరన్‌కి సెలవు దొరకలేదు. కారు విజయరత్నమే నడిపాడు. వెనక సీట్లో తల్లీకూతుళ్ళు, మధ్యలో సమ్సోను. స్కాన్‌కి ముందు పాలు పట్టకూడదట. రోడ్డు పొడవునా వాడు ఆకలికి ఏడుస్తూనే ఉన్నాడు. పిల్లల ఆసుపత్రిలో కూడా ఏడుపు ఆపలేదు. ఫెయిత్ ఎత్తుకుంది, జ్ఞానవతి ఎత్తుకుంది. చివరికి తాత తీసుకుంటే తమ్మె పట్టుకుని వెక్కుతూ సద్దుమణిగాడు.

అప్పుడు వచ్చింది ఆమె. పొట్టి జుట్టు, మెడలో బ్యాడ్జి, చిన్న వయసు. అతని పేరు విరిచి విరిచి పలికి, నేను ఫోన్లో మాట్లాడినామెను అంది. ఎదురుగా పెదాలు కనిపిస్తున్నాయి కాబట్టి అర్థమైంది. ఫెయిత్ గబుక్కున లేచింది. "హై క్లేర్, డాడ్ ఈజ్ జస్ట్..." ఆమె నవ్వి, మీకు ఇష్టమైతే రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అని అతన్నే అడిగింది.

"యెస్" అన్నాడు విజయరత్నం. అలవాటు.

"డాడీ, అవసరం లేదు, తర్వాత..."

"షుగరు సంగతేగా" అని పిల్లాణ్ణి కూతురికిచ్చి ఆమె వెనక వెళ్ళాడు. జ్ఞానవతి కూర్చున్న చోటే ఉంది. ఆమె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

చిన్న గది, రెండు కుర్చీలు. మీరు ఆ రోజు చాలా నెమ్మదిగా విన్నారు, థ్యాంక్యూ కూడా అన్నారు, తర్వాత మీ గురించే ఆలోచించాను, ఎలా ఉన్నారు అని అడిగింది.

"గుడ్. షుగర్ గుడ్. రైస్ లిటిల్."

ఆమె నవ్వు సగంలో నిలిచిపోయింది. "షుగర్?"

"యెస్. షుగర్ టెస్ట్." అతను నోటి దగ్గర గొట్టం పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి చూపించాడు.

ఆ రోజు ఫోన్లో మాటలు తెలుగులో చెప్పిందెవరని ఆమె అడిగింది. అల్లుడి పేరు చెప్పాడు. ఆమె బల్ల మీది ఫోను దగ్గరికి లాక్కుని ఏదో నంబరు నొక్కి, "టెలుగు" అంది. కొంచెంసేపు సంగీతం వచ్చింది. ఆపైన ఒక ఆడగొంతు.

"నమస్కారమండీ. నేను ఇంటర్‌ప్రిటర్ని. ఆవిడ ఏమంటే అది ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాకు మీరెవరో తెలియదు, ఎవరికీ చెప్పను. సరేనాండీ?"

ఎవరో, ఎక్కడో, వంటింట్లోంచో కారులోంచో మాట్లాడుతున్న మనిషి. అన్నాళ్ళ తర్వాత అతన్ని ఒకరు సరేనా అని అడిగారు.

"సరేనమ్మా."

క్లేర్ కొంచెం కొంచెంగా చెప్పింది. ఆ గొంతు కొంచెం కొంచెంగా తెలుగు చేసింది.

"అది షుగర్ టెస్ట్ కాదండీ. మీ మనవడి జన్యువులో ఉన్న మార్పు ఎటునుంచి వచ్చిందో చూడ్డానికి మీ ఉమ్మి తీసుకున్నాం. మీకు తెలుసని, మీరు ఒప్పుకున్నారని అనుకున్నాను. ఫోన్లో మీవాళ్ళని నమ్మి, మా ఇంటర్‌ప్రిటర్ని పెట్టకపోవడం నా పొరపాటు. క్షమించండి."

"ఎటునుంచి వచ్చింది?"

"మీ నుంచి వచ్చిందండీ."

అతను ఫోను మీదికి వంగాడు.

"మా ఆవిడ వైపు నుంచి కదా? ఆమే చెప్పింది."

ఆ గొంతు ఇంగ్లీషులో అడిగింది, విన్నది, తిరిగి వచ్చింది. "వేరేవాళ్ళ రిజల్ట్ నేను చెప్పకూడదండీ. మీది మాత్రం చెప్పగలను. ఆ మార్పు మీలో ఉంది. ఈ జన్యువు తల్లి దగ్గర్నుంచి వచ్చినదే పనిచేస్తుంది, తండ్రి ఇచ్చింది నిద్రపోతుంది. అందుకే మీరు ఇచ్చినా మీ అమ్మాయిలో బయటపడలేదు. ఆమె తల్లయ్యాక బాబులో బయటపడింది. మీకు బహుశా మీ అమ్మగారి నుంచి వచ్చి ఉంటుంది. ఇది ఎవరూ చేసింది కాదు, ఆపగలిగింది కాదు."

క్లేర్ తన చెవి తమ్మెను తాకి అతని తమ్మె వైపు చూపించింది.

"ఆ గీత కూడా దానివల్లేనట అండీ. మీరే డాక్టరుగారికి చూపించారట. చాలా ఉపయోగపడిందట."

అమ్మ అతన్ని కని కొన్నాళ్ళు లేవలేకపోయిందని, ఊరంతా అంత పెద్దబిడ్డను చూడ్డానికి వచ్చిందని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నాడో. తమ్మె మీద గీత దేవుడు గుర్తు పెట్టుకోడానికి గీశాడనేది ఆమె.

"ఇంకేమైనా అడుగుతారా అండీ?" అంది ఫోనులో గొంతు.

"లేదమ్మా" అన్నాడు. థ్యాంక్యూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

బయట ఫెయిత్ పిల్లాణ్ణి భుజానేసుకుని నడవాలో తిరుగుతోంది. తండ్రి మొహం చూసి అక్కడే ఆగింది. విజయరత్నం జ్ఞానవతి పక్క కుర్చీ వదిలి, దాని పక్కదాంట్లో కూర్చున్నాడు.

"నవ్వుకున్నారా అందరూ?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆదివారం మైకులో వాగాను. ఆమేన్ అన్నావు."

"అన్నాను."

"ఎందుకు? నేను చదువుకోలేదనా? చెప్తే అర్థం కాదనా? మూడేళ్ళ పిల్లాడితో ఆడినట్టు ఆడారు నాతో. అల్లుడు నా నోట్లో మాట పెట్టి పలికించాడు. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి విన్నావు."

"ఆరన్ బాబు వద్దన్నాడు. చెప్పేద్దాం అత్తయ్యా అన్నాడు. నేనే చెప్పనివ్వలేదు."

"అదే ఎందుకని అడుగుతున్నా."

జ్ఞానవతి నడవాలో ఏడుస్తున్న పిల్లాడి వైపు చూస్తూ చెప్పింది. "మీ వల్ల వచ్చిందని తెలిస్తే మీరు వాణ్ణి మళ్ళీ ముట్టుకోరనుకున్నాను. నా మీద వేసుకుంటే నన్నే కదా తిడతారు. వాణ్ణి ఎత్తుకుంటారు."

అతను ఏ మాట తీసినా అది ఆదివారం మైకులో మాట్లాడిన గొంతుతోనే వచ్చేలా ఉంది. పాతికేళ్ళు కలిసి తిన్న మనిషి, ఏ టెస్టూ లేకుండా, ఇంత తేలిగ్గా తనను కొలిచేసింది. కొలత తప్పని చెప్పడానికి తన దగ్గర ఏముంది? శుక్రవారం నుంచి నిన్నటిదాకా ఆ కొలతకి అచ్చుగుద్దినట్టు సరిపోయాడు.

నర్సు పేరు పిలిచింది. అదే సమయానికి ఫెయిత్ ఫోను మోగింది. ఆమె చూసి, భయం భయంగా, "డాడీ, ఆరన్. స్కాన్ అయిందా అని" అంది.

"నేను థ్యాంక్యూ అన్నానని చెప్పు."

చీకటి గదిలో ఎత్తు బల్ల, పక్కన తెర. స్కాన్ చేసే ఆమె గోరువెచ్చని జిగురు చేతికి రాసుకుని చూపించింది. బాబును వెల్లకిలా పడుకోబెట్టాలి, కదలకూడదు, వాడికి బాగా అలవాటైనవాళ్ళు తల దగ్గర ఉండండి అంది. ఫెయిత్ పడుకోబెట్టగానే వాడు విల్లులా వంగి కేక పెట్టాడు. నాలుక వణికింది. జ్ఞానవతి చేతులు చాచి, చాచినవి అలాగే ఆపి, భర్త వైపు చూసింది. ఆ చూపు అతనికి తెలుసు. కొలిచే చూపు.

విజయరత్నం గోడకు ఆనుకుని ఉన్నాడు. పిల్లాడి రెండు చెవులూ ఆ తెర వెలుతురులో స్పష్టంగా కనపడుతున్నాయి. దగ్గరికి వెళితే అవి ఇంకా స్పష్టంగా కనపడతాయి. సమ్సోను గాల్లో చెయ్యి ఆడించాడు, వేళ్ళు తెరుస్తూ మూస్తూ.

అతను వెళ్ళాడు. బల్ల మీదికి నడుం వంచి, మెడ పక్కకు తిప్పి, చెవిని ఆ చేతికి అందేంత దగ్గరగా పెట్టాడు. పిడికిలి తమ్మెను దొరకబుచ్చుకుంది. కేక వెక్కిళ్ళలోకి దిగింది. పొట్ట మీద మర జరుగుతోంది, తెర మీద బూడిదరంగు మబ్బులు కదులుతున్నాయి. అవేమిటో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు, అతనూ అడగలేదు. చాలాసేపు పట్టింది. నడుం లాగేస్తోంది. వాడు తమ్మెను గట్టిగా గుంజుతున్నాడు.

వెనక నుంచి జ్ఞానవతి, "కాసేపు నేను వంగుతాను, మీరు లేవండి" అంది.

అతను తల తిప్పలేదు. తిప్పితే వాడి పట్టు ఊడిపోతుంది.

"ఉండనీ" అన్నాడు.